మీటరు రెండు వైపులా తిరగాలి

'మోటర్లకు మీటర్లు' అన్న రెండు మాటలు తెలుగు రాష్ట్రాల రాజకీయాల్లో ఏళ్లుగా నలుగుతున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో 2020లో వ్యవసాయ బోర్లకు ప్రయోగాత్మకంగా మీటర్లు పెట్టినప్పుడు, అవి రైతు మెడకు ఉరితాళ్లని నాటి ప్రతిపక్షం గొంతెత్తింది. స్మార్ట్ మీటర్లు తెస్తే పగలగొట్టమన్న పిలుపులూ వినిపించాయి. ప్రభుత్వం మారింది. దుకాణాలకు, పరిశ్రమలకు, సర్కారీ కార్యాలయాలకు ఆ స్మార్ట్ మీటర్లే బిగుస్తూ వచ్చాయి. వద్దనే వంతు ఈసారి వీధికెక్కిన వామపక్షాలకు వచ్చింది. వ్యవహారం ఇళ్ల గుమ్మం దాకా వచ్చేసరికి, వినియోగదారుల అంగీకారం లేనిదే బిగించబోమని 2025లో ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రే ప్రకటించాల్సి వచ్చింది. తెలంగాణలో 2023 అసెంబ్లీ ఎన్నికల సభల నిండా ఇదే చర్చ. మోటర్లకు మీటర్లు పెట్టనందుకే కేంద్రం అదనపు అప్పుకు అనుమతి ఇవ్వలేదని నాటి అధికార పార్టీ ఊరూరా చెప్పుకుంది.

ఇంత గొడవలోనూ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ తీరిగ్గా వేసుకోలేదు. అసలు జనం ఎందుకు వద్దంటున్నారు?

విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) అధికారులను కదిపితే 'అవగాహన లేక' అంటారు. ప్రజలు ఒప్పుకోని ప్రతి పథకానికీ సర్కారు దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఇది. ఆ వెంటే ఫ్లెక్సీలు, కరపత్రాలు, అవగాహన సదస్సులు. నాకు మాత్రం విషయం తిరగబడి కనిపిస్తోంది. జనం వద్దంటున్నది అవగాహన తక్కువై కాదు, అనుభవం ఎక్కువై.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. స్మార్ట్ మీటర్ల మీద నడిచే స్మార్ట్ గ్రిడ్ అవసరం నిజం. ఇప్పటి పంపిణీ వ్యవస్థలో సబ్‌స్టేషన్ వరకు ఏం జరుగుతోందో డిస్కంకు తెలుస్తుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాటాక చీకటే. మీ వీధిలో కరెంటు పోయిందని మీరో, పక్కింటివాళ్లో ఫోన్ చేస్తే తప్ప వాళ్లకు తెలియదు. స్మార్ట్ మీటరు 15 నిమిషాలకో, అరగంటకో వాడకాన్ని, వోల్టేజీని నమోదు చేసి, సెల్ టవర్ల ద్వారానో రేడియో తరంగాల ద్వారానో కేంద్ర సర్వర్‌కు పంపుతుంది. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టుకున్న ఇల్లు మధ్యాహ్నం కరెంటు అమ్మి సాయంత్రం కొంటుంది. ఎలక్ట్రిక్ బండ్లు రాత్రిపూట ఒక్కుమ్మడిగా చార్జింగ్‌కు పెడితే కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. పగలు మిగిలి, పొద్దుగూకాక చాలని సౌర విద్యుత్తుతో గ్రిడ్ నడవాలంటే ఏ వీధిలో ఏ గంటకు ఎంత కావాలో తెలిసి తీరాలి. ఇది కంపెనీలు కల్పించిన అవసరం కాదు.

కేంద్రం 2021 జూలైలో తెచ్చిన విద్యుత్ పంపిణీ సంస్కరణల పథకం ఆర్‌డీఎస్‌ఎస్ ఈ లెక్క మీదే నిలబడింది. మొత్తం వ్యయం 3,03,758 కోట్ల రూపాయలు. వ్యవసాయాన్ని మినహాయించి 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు బిగించాలి. గడువు 2025 మార్చి. ఆ గడువు నాటికి పని లక్ష్యంలో పదో వంతు దరిదాపులకే చేరింది. మన లాంటి రాష్ట్రాలకు మీటరు ధరలో 15 శాతం, గరిష్ఠంగా 900 రూపాయలు కేంద్రం గ్రాంటు. మిగతాది మీటర్లు బిగించే ప్రైవేటు సంస్థ పెట్టుకుని, నెలకు మీటరుకు ఇంత చొప్పున ఏళ్ల తరబడి డిస్కం నుంచి రాబట్టుకుంటుంది. డిస్కం ఎక్కడి నుంచి తెస్తుంది? టారిఫ్ నుంచి. కాబట్టి 'వినియోగదారుడి మీద పైసా భారం లేదు' అనే మాటకు అర్థం ఇవాళ జేబులోంచి తీయక్కర్లేదనే. నెలనెలా బిల్లులో కలిసిపోయే సొమ్ము సంగతి ఆ మాటలో లేదు. కేరళ ఈ పద్ధతి వద్దంది. విద్యుత్ బోర్డే సొంతంగా పెట్టుబడి పెట్టి బిగించే దారి ఎంచుకుంది.

తెలుగువాళ్లకు 'విద్యుత్ సంస్కరణ' అన్న మాట వినగానే గుర్తొచ్చేది ఏమిటి? బషీర్‌బాగ్. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో సంస్కరణల చట్టం వచ్చింది. బోర్డు ముక్కలైంది, చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపు మీద అసెంబ్లీ వైపు కదిలిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. నాలుగేళ్లకు, 2004 మే 14న, రైతులకు ఉచిత విద్యుత్తు ఫైలు మీద కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం చేశారు. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ ఉచిత విద్యుత్తు జోలికి పోయే సాహసం చేయలేదు. ఇంత చరిత్ర ఉన్న నేల మీద స్మార్ట్ మీటరును కేవలం కొత్త యంత్రంగా చూడమంటే జనం చూడరు. దాని వెనకాల ఏమొస్తుందో అని చూస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ అనుమానానికి ఇటీవలి ఆధారం కూడా ఉంది. 2022-23కు 6,072 కోట్లు, 2023-24కు 9,412 కోట్లు, వాడేసిన కరెంటుకు మళ్లీ సర్దుబాటు చార్జీల పేరుతో జనం నెలల తరబడి కట్టారు. బిల్లులో తనకు అర్థంకాని మూడు నాలుగు వరసలు ఇప్పటికే ఉన్న మనిషి గోడకు అర్థంకాని పెట్టె ఒకటి వస్తానంటే ఎందుకు తలూపుతాడు?

అసలు భయం మీటరు లోపలి రిలే గురించి, అంటే కరెంటును కోసే మీట గురించి. పాత పద్ధతిలో బిల్లు కట్టకపోతే లైన్‌మన్ రావాలి, స్తంభం దగ్గరో మీటరు దగ్గరో ఫీజు పీకాలి. ఆ మనిషితో మాట్లాడొచ్చు, రెండు రోజులు గడువు అడగొచ్చు, ఇంట్లో పరీక్ష రాసే పిల్లలున్నారని చెప్పుకోవచ్చు. స్మార్ట్ మీటరులో ఆ పని సర్వర్ నుంచి వచ్చే ఒక్క ఆదేశంతో అయిపోతుంది. 2020 ఆగస్టు 12, కృష్ణాష్టమి. ఉత్తరప్రదేశ్‌లో అలాంటి ఆదేశమే పొరపాటున వెళ్లింది. లక్షన్నరకు పైగా ఇళ్లలో ఒక్కసారిగా కరెంటు పోయింది. అవి బకాయిలున్న ఇళ్లు కావు, తీగ తెగిన ఊళ్లూ కావు. పండగపూట బిల్లు సక్రమంగా కట్టినవాళ్లు చీకట్లో కూర్చున్నారు. విచారణలు జరిగాయి, మీటర్ల బిగింపు కొన్నాళ్లు ఆపేశారు. ఒక లైన్‌మన్ ఎంత పొరబడినా ఒక రోజులో లక్షన్నర ఇళ్ల ఫీజులు పీకలేడు. సాంకేతికత వల్ల పనే కాదు, పొరపాటు కూడా అదే స్థాయిలో పెరుగుతుందన్న సంగతి ఆ రాష్ట్రంలో సామాన్యుడికి కూడా తెలిసింది. దీన్ని 'అపోహ' అని కొట్టిపారేస్తే ఎలా?

ఇక ప్రీపెయిడ్. 'సెల్‌ఫోన్ రీచార్జ్ లాంటిదే' అని అధికారులు చెప్పే మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఫోన్ బ్యాలెన్స్ అయిపోతే పక్కవాడి ఫోన్ అడుగుతాం. కరెంటు అయిపోతే ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఏమవుతుంది? ఫోన్ కంపెనీ నచ్చకపోతే మారొచ్చు, డిస్కంను మార్చలేం. రోజుకూలీ ఇంట్లో డబ్బు వారానికో, పనిదొరికినప్పుడో వస్తుంది. నెల చివర బిల్లు, ఆపైన కట్టడానికి కొన్ని రోజుల గడువు ఉండటం ఆ ఇంటికి చిన్న అప్పు సౌకర్యం. ప్రీపెయిడ్ దాన్ని తీసేసి, ఆ అప్పును తలకిందులు చేస్తుంది. ఇక నుంచి డిస్కంకు కూలీ ముందుగా అప్పిస్తాడు.

చట్టం ఈ విషయంలో ఏమంటోందో చూడండి. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ 5వ సబ్‌సెక్షన్ ప్రకారం, ప్రీపెయిడ్ మీటరు ద్వారా కరెంటు తీసుకోవడానికి సిద్ధపడిన వ్యక్తి నుంచి సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదు. 'సిద్ధపడితే' అని చట్టం రాసిందంటే సిద్ధపడకపోయే వీలూ ఉన్నట్టే. పార్లమెంటు వినియోగదారుడికి ఇచ్చిన ఎంపికను కార్యనిర్వాహక ఉత్తర్వులతో తప్పనిసరిగా మార్చడమే చాలాచోట్ల గొడవకు మూలం. గుజరాత్‌లో 2024 మే నెలలో వడోదరలో జనం రోడ్డెక్కారు. అక్కడ రెండు నెలలకోసారి బిల్లు కట్టే అలవాటు. ప్రీపెయిడ్ రాగానే రోజూ బ్యాలెన్స్ తరిగిపోవడం ఒకటి, పాత బకాయిని అందులోంచే వాయిదాలుగా కోయడం మరొకటి. రెండూ కలిసి మీటరు పరుగెడుతోందన్న నమ్మకం గట్టిపడింది. ప్రభుత్వం వెనక్కి తగ్గి, అనుమానం ఉన్నచోట పాత రకం మీటరును కూడా పక్కనే పెట్టి పోల్చి చూపిస్తామంది. మహారాష్ట్రలో మరుసటి నెలలోనే సామాన్య వినియోగదారులకు స్మార్ట్ ప్రీపెయిడ్ పెట్టబోమని నాటి ఉప ముఖ్యమంత్రి ప్రకటించారు. పశ్చిమ బెంగాల్ 2025 జూన్‌లో ఇళ్లకు ఆపేసింది. ప్రీపెయిడ్‌లో దేశానికే ముందున్న బిహార్‌లో 2024 అక్టోబరు 1న ప్రధాన ప్రతిపక్షం రాష్ట్రమంతా ధర్నాలు చేసింది. గుజరాత్‌లో, మహారాష్ట్రలో పాలించేది కేంద్రంలో ఉన్న పార్టీ కూటమే. కాబట్టి ఈ వ్యతిరేకతకు రాజకీయ రంగు పులిమి తప్పించుకోవడమూ కుదరదు.

మీటరు నిజంగా ఎక్కువ తిరుగుతుందా? చాలావరకు లేదనే సమాధానం. కాకపోతే ఆ సమాధానం చెప్పే తీరు ఒకటుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం బేకర్స్‌ఫీల్డ్ ఊళ్లో 2009 వేసవిలో స్మార్ట్ మీటర్లు పెట్టాక బిల్లులు రెండింతలు, మూడింతలు వచ్చాయని జనం గగ్గోలు పెట్టారు. కోర్టుల దాకా వెళ్లారు. నియంత్రణ సంఘం బయటి సంస్థతో విచారణ చేయిస్తే 2010లో తేలింది ఇది: మీటర్లు సరిగ్గానే ఉన్నాయి. ఆ వేసవిలో ఎండలు మండిపోయాయి, సరిగ్గా అప్పుడే చార్జీలూ పెరిగాయి, మీటర్లూ అప్పుడే మార్చారు. అక్కడితో కథ ముగిస్తే అధికారులకు సంతోషం. అదే నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది. ఫిర్యాదు చేసినవాళ్లతో అక్కడి విద్యుత్ సంస్థ పీజీ అండ్ ఈ వ్యవహరించిన తీరు బాగోలేదని, వాళ్ల అనుమానాన్ని సకాలంలో తీర్చలేదని. మన విజయవాడలోనో, కరీంనగర్‌లోనో ఏప్రిల్ నెలలో మీటరు మార్చి మే నెలలో బిల్లు చేతికిచ్చే డిస్కం ఏదైనా ఉంటే, గొడవను అదే పిలిచి పీట వేసినట్టు.

మీటరు అబద్ధం చెప్పకపోయినా, ఇన్నాళ్లూ కనబడని నిజాన్ని అది బయటపెడుతుంది. ఒక కిలోవాట్ లోడుకు కనెక్షన్ తీసుకున్న ఇంట్లోకి తర్వాత గీజరు వచ్చింది, ఏసీ వచ్చింది. స్మార్ట్ మీటరు గరిష్ఠ డిమాండును అరగంట అరగంటకూ రాసిపెడుతుంది కాబట్టి లోడు దాటిన సంగతి దొరికిపోతుంది. ఫిక్స్‌డ్ చార్జీ, అభివృద్ధి చార్జీ, అదనపు డిపాజిట్ వరసగా వస్తాయి. ఇందుకు కేంద్రం 2023లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో కొంత రక్షణ పెట్టింది. మీటరు పెట్టిన తర్వాత తెలిసిన గరిష్ఠ డిమాండును చూపి, మీటరు పెట్టకముందు కాలానికి జరిమానా వేయకూడదు. ఏడాదిలో కనీసం మూడుసార్లు దాటితేనే లోడు పెంచాలి. ఈ రెండు ముక్కలు మీటరు బిగించడానికి వచ్చే కుర్రాడి చేతిలో తెలుగు కాగితంగా ఉంటే సగం అనుమానాలు గుమ్మం దగ్గరే తీరేవి.

స్మార్ట్ మీటరు వల్ల సామాన్యుడికి దక్కే ఒక పెద్ద మేలు ఉంది. విచిత్రం, దాని గురించి డిస్కంలు గట్టిగా చెప్పవు. తెలంగాణ గృహ టారిఫ్‌నే తీసుకుందాం. నెలకు 100 యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50కి యూనిట్ 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. అంటే 100 యూనిట్ల చార్జీ 252 రూపాయల 50 పైసలు. అదే 101 యూనిట్లయితే ఇల్లు వేరే కేటగిరీలోకి పోతుంది. మొదటి యూనిట్ నుంచే 3.40 లెక్క మొదలై, 344 రూపాయల 80 పైసలవుతుంది. ఒక్క యూనిట్ ఖరీదు 92 రూపాయలు! 200 దగ్గర ఇంకా ఘోరం. 200 యూనిట్లకు 820 రూపాయలు. 201కి 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం వగైరా వీటికి అదనం. 2024 మార్చి నుంచి గృహజ్యోతి ఉచిత విద్యుత్ పథకం కింద సున్నా బిల్లు అందుకుంటున్న ఇంటికైతే, 200 దగ్గర సున్నా, 201 దగ్గర మొత్తం వెయ్యి చిల్లర.

ఇప్పుడు రీడింగ్ తీసే అబ్బాయి మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడనుకోండి. నెలకు 195 యూనిట్లు వాడే ఇంట్లో మూడు రోజులంటే దాదాపు 20 యూనిట్లు. గీత దాటిపోయింది. తప్పు ఇంటివాళ్లది కాదు, సెలవులదో, వానదో, ఒక్కడికి అప్పగించిన రెండు వార్డులదో. రోజులు ఎక్కువైతే ఆ మేరకు శ్లాబు సర్దుతామని సంస్థలు చెప్పొచ్చు. బిల్లు కాగితం చేతిలో పట్టుకున్న మనిషికి ఆ సర్దుబాటు ఎక్కడ జరిగిందో కనిపించదు. స్మార్ట్ మీటరు ఒకటో తేదీ అర్ధరాత్రి రీడింగును తనంతట తనే పంపిస్తుంది. ప్రతి నెలా, ప్రతి ఇంటికీ అదే క్షణం. అంతేకాదు, నెలలో ఇరవయ్యో రోజున 'మీరు 150 దాటారు' అని ఫోన్‌కు సందేశం పంపగలదు. గృహిణి ఆ పది రోజులు గీజరు ఆపుకుంటుంది. వెయ్యి రూపాయలు మిగుల్చుకునే మార్గం చూపే యంత్రాన్ని ఏ ఇల్లూ వద్దనదు. ఈ మాట చెప్పకుండా 'సంస్థ నష్టాలు తగ్గుతాయి, వసూళ్లు మెరుగవుతాయి' అని చెబితే వినేవాడికి వినిపించేది ఒక్కటే: నా దగ్గర ఇంకా గట్టిగా వసూలు చేస్తారట.

పగటిపూట తగ్గింపు ధర సంగతీ అంతే. అవే నిబంధనల 2023 సవరణల ప్రకారం వ్యవసాయం మినహా మిగతావారందరికీ 2025 ఏప్రిల్ నుంచి వేళను బట్టి టారిఫ్ ఉండాలి. రోజుకు ఎనిమిది సౌర గంటల్లో మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ. సాయంత్రం రద్దీ వేళ ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. వాషింగ్ మెషీన్, మోటారు, ఇస్త్రీ పగటికి మార్చుకోగల ఇంటికి ఇది లాభమే. ఇద్దరూ కూలికి పోయి చీకటి పడ్డాక ఇల్లు చేరి, ఫ్యాను, లైటు, టీవీ వేసుకునే కుటుంబానికి మాత్రం నికరంగా నష్టం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం మీటర్లు తప్పనిసరి చేసి, ఈ తరహా టారిఫ్ మీద ప్రజల్లో ఆందోళన రేగాక 2010లో దాన్ని నిలిపేసింది. 2015లో అక్కడి ఆడిటర్ జనరల్ లెక్క తీస్తే, 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు జనం భరించారు, వస్తాయన్న లాభాలు మాత్రం చాలావరకు రాలేదు. పేద ఇంటికి వేళ టారిఫ్ ఐచ్ఛికంగా ఉంచాలని మన నియంత్రణ మండళ్లు ఇప్పుడే రాసి పెడితే మంచిది.

ఈ యంత్రం చేయగల ఇంకో పని ఉంది. నాకు సంబంధించినంతవరకు మొత్తం వివాదానికి కీలకం అదే. మీటరు మన వాడకాన్నే కాదు, డిస్కం సేవను కూడా కొలుస్తుంది. ఏ నిమిషంలో కరెంటు పోయింది, ఎన్ని గంటలకు వచ్చింది, వోల్టేజీ ఎంతకు పడింది అన్నీ అందులో నమోదవుతాయి. 2020 వినియోగదారుల హక్కుల నిబంధనలు ఒక మంచి మాట రాశాయి. దూరం నుంచే కొలవగలిగిన సేవా ప్రమాణాల విషయంలో డిస్కం విఫలమైతే, వినియోగదారుడు అడగకుండానే పరిహారం దానంతటదే ఖాతాలో పడాలి. అంటే పట్టణంలో గాలివాన లేకుండానే ఆరేడు గంటలు కరెంటు తీస్తే, వచ్చే బిల్లులో ఆ మేరకు తగ్గింపు కనబడాలి. ఇప్పటిదాకా ఆధారం లేక అడగలేకపోయాం. మీటరు ఉంటే ఆధారం దాని కడుపులోనే ఉంటుంది. బకాయి పడ్డ రోజున కనెక్షన్ కోయడానికి పనిచేసే సర్వరు, కోత పడ్డ రోజున పరిహారం లెక్కకట్టడానికి పనిచేయదా? స్మార్ట్ మీటర్ల ప్రచారంలో ఈ నిబంధన ప్రస్తావన నాకెక్కడా కనబడలేదు.

పొలం దగ్గరి మీటరు కథ ఇంకో రకం. శ్రీకాకుళం ప్రయోగంలో ఏడాదిలో వ్యవసాయ వాడకం మూడో వంతు తగ్గినట్టు తేలిందని అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది. కొంచెం ఆగి ఆలోచిస్తే ఆ మాట రైతు గురించి కాదు. అదే జిల్లా, అవే పంపుసెట్లు, తడవాల్సిందీ ఆ చేలే. రైతు ఒక్కసారిగా మూడో వంతు నీళ్లు మానేశాడని నమ్మలేం. మీటరు లేని బోర్ల వాడకాన్ని ఇన్నాళ్లూ నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల మీద అంచనా కట్టారు. ఆ అంచనాలో దొంగ కనెక్షన్లు, పాత తీగల నష్టాలు, వసూలు కాని బిల్లులు ఎంత కలిశాయో ఎవరికీ తెలియదు. రైతు పేరు మీద రాసిన ఖర్చంతా రైతు వాడింది కాదు. ఆ లెక్క తేలితే ఇబ్బంది పడేది రైతు కంటే ముందు సబ్సిడీ పద్దు రాసేవాళ్లు. కాబట్టి బోరు బోరుకూ మీటరు పెట్టి రైతును బెదరగొట్టడం ఎందుకు? ఫీడరుకు, ట్రాన్స్‌ఫార్మరుకు మీటరు పెట్టినా ఊరి మొత్తం వాడకం తేలిపోతుంది. ఆర్‌డీఎస్‌ఎస్ కూడా రైతు ప్రీపెయిడ్‌ను అడగలేదు. ఫీడర్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకే మీటర్లు అడిగింది. 2021-22 నుంచి నాలుగేళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అర శాతం అదనపు అప్పును కేంద్రం విద్యుత్ సంస్కరణలకు ముడిపెట్టడంతో, మీటరు అంటే అప్పు కోసం రైతును తాకట్టు పెట్టడమన్న మాట బలపడింది. అది కేంద్రం కొనితెచ్చుకున్న అపనమ్మకం.

గోప్యత గురించి మన దగ్గర ఇంకా చర్చే మొదలు కాలేదు. అరగంట అరగంట వాడకం చూస్తే ఇంట్లో ఎవరు ఎప్పుడు నిద్రలేస్తారో, ఏ వారం ఇల్లు తాళం వేసి ఉందో చెప్పేయొచ్చు. మొత్తం వాడకం గీతను చూసి ఏ పరికరం ఎప్పుడు నడిచిందో విడదీసే పద్ధతిని 1980లలో ఎంఐటీలో తయారుచేసిన జార్జ్ హార్ట్, ఇది నిఘాకు దారితీయొచ్చని 1989లోనే తనే హెచ్చరిక వ్యాసం రాశారు. నెదర్లాండ్స్ ఎగువ సభ 2009లో తప్పనిసరి స్మార్ట్ మీటర్ల బిల్లును ఈ కారణంతోనే వెనక్కి పంపింది. మీటరు వద్దన్నవారికి జరిమానా, జైలు కూడా అందులో ఉన్నాయి మరి. అక్కడి ప్రభుత్వం పంతానికి పోలేదు. మీటరు వద్దనే హక్కు, పెట్టుకున్నా సమాచారం పంపకుండా ఆపించుకునే హక్కు చట్టంలో చేర్చింది. 2015 నుంచి పెద్ద ఎత్తున బిగిస్తే అత్యధికులు పెట్టించుకున్నారు. కాదనే హక్కు చేతికొచ్చాక అవుననడం తేలికైంది. మన దగ్గరా అనుభవం లేకపోలేదు. హైదరాబాద్‌లో జీడిమెట్ల పారిశ్రామిక ప్రాంతం దేశంలోని 14 తొలి స్మార్ట్ గ్రిడ్ ప్రయోగాల్లో ఒకటి. దాదాపు 12 వేల కనెక్షన్లు దాని పరిధి. అక్కడ ఏం నేర్చుకున్నారో, వినియోగదారులకు ఏం ఒరిగిందో ఒక తెలుగు నివేదిక జనం ముందు పెడితే ఈ చర్చకు ఎంతో కొంత నేల దొరికేది.

మీటరు రీడర్లను కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. పీస్‌రేటు మీద బతికే ఈ వేలాది మంది ప్రతి నెలా ప్రతి గుమ్మం ఎక్కుతారు. కొత్త మీటరు మంచిదా అని జనం మొదట అడిగేది వాళ్లనే. తన కూడు పోతుందని తెలిసినవాడు దాని గురించి మంచిమాట చెప్తాడా? వాళ్లకు ఫిర్యాదుల పరిష్కారంలోనో, పోల్చి చూడటానికి పెట్టే చెక్ మీటర్ల పనిలోనో ఉపాధి చూపడం దయ కాదు, అవసరం.

నా తీర్పు ఇదీ. స్మార్ట్ మీటరు రావాలి. ఇళ్లకు పోస్ట్‌పెయిడ్‌గానే రావాలి, ప్రీపెయిడ్ కోరినవారికే ఇవ్వాలి. రాత్రిపూట, సెలవు రోజున రిమోట్‌గా కనెక్షన్ కోయకూడదన్న షరతు ఉండాలి. కోతలకు ఆటోమేటిక్ పరిహారం మొదలైన సర్కిల్‌లోనే మీటర్లు మొదలు కావాలి. ఈ వరస తారుమారైతే ఎన్ని సదస్సులు పెట్టినా ఉపయోగం లేదు. రెండు రాష్ట్రాల నియంత్రణ మండళ్లు ఏటా టారిఫ్ మీద బహిరంగ విచారణ జరుపుతాయి. అక్కడ ఈ మాటలు అడగాల్సింది పార్టీలే కాదు, మనమూ.

ఈలోగా మీ ఇంటికి మీటరు మార్చడానికి ఎవరైనా వస్తే, పాత మీటరు చివరి రీడింగును ఫోటో తీసుకుని, మార్చినట్టు రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. కొత్త మీటరు మీద అనుమానం వస్తే డిస్కంకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, ఫిర్యాదు అందిన ఐదు రోజుల్లోగా వాళ్లు పక్కనే ఇంకో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలపాటు రెండింటి రీడింగునూ పోల్చి చూపాలి.